నాంచారమ్మ ఎంచిన షాఫ్టు

బల్ల మీద గోనెసంచి పరిచి, దాని మీద రెండు క్యామ్‌షాఫ్టులు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. నాంచారమ్మ కంటికి మాత్రం ఒకటే ఆనుతోంది.

"ఎంచుకో," అని మౌలాలి ఉస్తాదు టీ తాగడానికి పోయాడు. ఎంచుకోవడానికి ఏముంది? ఆమె ఎప్పుడో ఎంచుకుంది. ఉస్తాదు చేత ఔననిపించడమే మిగిలింది.

గిలకలదిండి హార్బరులో ఉస్తాదు షెడ్డుకి రాని బోటు లేదు. వేసవిలో వేట నిషేధం పెట్టగానే బోట్లన్నీ కాలవ గట్టుకి చేరతాయి. ఇంజన్లు విప్పేదీ బిగించేదీ అప్పుడే. ఇప్పుడు షెడ్డులో విప్పి ఉన్నది ఆరు సిలిండర్ల ఇంజను. బోటు నాంచారమ్మదే. ఆమె మొగుడు పాండురంగడు సముద్రంలో కలిసిపోయాక, అతని తమ్ముడు ఏడుకొండలు సరంగుగా దాన్ని నడుపుతున్నాడు.

ఇంజను విప్పి చూస్తే క్యామ్‌షాఫ్టు అరిగిపోయి ఉంది. షాఫ్టు పొడుగునా కోడిగుడ్డు మొనల్లా లేచి ఉండాల్సిన బుడిపెలు నున్నగా గుండ్రమైపోయాయి. ఆ బుడిపెలే ఇంజనుకి ఊపిరి. అవి తోసినప్పుడు వాల్వు తెరుచుకుంటుంది, తప్పుకున్నప్పుడు మూసుకుంటుంది. బుడిపె ఎంత బలిసి ఉంటే తలుపు అంత బారుగా, అంతసేపు తెరిచి ఉంటుంది.

బల్ల మీది షాఫ్టుల్లో ఒకటి పాత రకమే, పొట్టి బుడిపెలది. రెండోది విశాఖపట్నంలో ముక్కలకింద విడగొట్టిన ఒక స్పీడు బోటులోది. ఇంజను జాతి ఒకటే. బుడిపెలు మాత్రం పొడుగ్గా, భుజాలు విరుచుకుని ఉన్నాయి. ఏడుకొండలు ప్రాణం తోడేసి మరీ దాన్ని బస్సులో తెప్పించింది నాంచారమ్మ. వచ్చీరాగానే కిరసనాయిలుతో కడిగి, తన పాత చీర చింపి తుడిచింది. పసిబిడ్డకి తలంటినట్టు తుడిచింది.

ఉస్తాదు టీ గ్లాసు పట్టుకునే తిరిగొచ్చాడు.

"ఏది?"

"పొడుగుది."

"ఎందుకు?"

"ఎందుకంటారేంటి ఉస్తాదూ! అదే ఇంజను, అదే డీజిలు. ఊపిరి మాత్రం రెండింతలు. ఈ హార్బరులో దీని ముందు ఏ బోటైనా నిలుస్తుందేమో చెప్పండి. వేగం వద్దని మీరు ఒక్క కారణం చెప్పండి, నేను పది చెప్తాను."

వేలంపాటలో చేపల వ్యాపారులతో వాదించి వాదించి పదునెక్కిన నోరు ఆమెది. నాంచారమ్మ గంప దించిందంటే దళారీలు గొంతు సవరించుకుంటారు. కానీ వాదించడానికి ఎదట మనిషి ఉండాలిగా! ఉస్తాదు గ్లాసులో అడుగున మిగిలిన టీ చుక్క గిరగిర తిప్పి, బయట పారబోశాడు.

"నీ బోటు, నీ చెయ్యి. బిగించు," అన్నాడు.

"అంటే మీకు ఇష్టం లేదు."

"నేను అన్నానా?"

"అననూ లేదు."

"అయితే బిగించు."

ఉస్తాదు తీరే అంత. తప్పనడు, ఒప్పనడు. రెండేళ్ళ కిందట ఆమె మొదటిసారి షెడ్డు గడపలో నిలబడి "నాకు ఇంజను పని నేర్పాలి" అన్నప్పుడూ అంతే. ఆడమనిషివి అనలేదు, మొగుడు పోయినదానివి అనలేదు, ఇంటికి పొమ్మనలేదు. మురికి నట్లున్న బొచ్చె ఒకటి, కిరసనాయిలు డబ్బా ఒకటి ఆమె ముందుకి తోశాడు. ఆమె కూర్చుని కడిగింది. సాయంత్రానికి అన్నీ కొత్తవాటిలా మెరిశాయి. "రేపు రా బేటీ," అన్నాడు. అదీ ఆమెకి దొరికిన ఉపదేశం.

పదిమందీ నవ్వారు. అత్త ఏడ్చింది. "ఇంట్లో దీపం పెట్టుకోక, ఆ గ్రీజు ఏంటమ్మా నీకు?" అంది. కులపెద్దలు వచ్చి, మనిషి దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించే పద్ధతి ఉందని, ఆత్మ తిరుగుతుందని నచ్చజెప్పబోయారు. నాంచారమ్మ చేతుల గాజులు వెనక్కి తోసుకుని, "ముందు బోటు బాగుచెయ్యనీండి," అంది. గాజులకీ బోటుకీ ఏంటి సంబంధమో వాళ్ళకి అర్థం కాలేదు.

సంబంధం ఉంది.

ఆ కార్తీకంలో పాండు తన బోటు ఎక్కలేదు. చుట్టాలు పిలిస్తే వాళ్ళ చిన్న నావ మీద వెళ్ళాడు. ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి చాలాదూరం పోయాక, పొద్దువాలే వేళ, అడ్డంగా లేచిన అల ఒకటి నావని బోర్లా తిప్పేసింది. చూసినవాళ్ళు ఫోను చేశారు. హార్బరులో ఉన్న బోటల్లా కదిలింది. అందరికంటే ముందు చేరింది ఏడుకొండలు, అన్న బోటు మీదే. బోర్లాపడ్డ నావ పట్టుకుని ఇద్దరు వేలాడుతున్నారు. వాళ్ళని పైకి లాగారు. మూడోవాడు పాండు, వాళ్ళ నుంచి విడిపోయాడు.

"ఇందాకటిదాకా పలికాడు," అన్నారు ఆ ఇద్దరూ, వణుకుతూ. "మేం కేకేస్తే బదులిచ్చాడు. ఇందాకటిదాకా."

ఆ తర్వాత బోట్లన్నీ వచ్చాయి. లైట్లు వేసుకుని, హోరెత్తించుకుంటూ, ఆ నీళ్ళన్నీ కలియదిరిగాయి. పాండు దొరకలేదు. తర్వాతా దొరకలేదు. ఏ ఒడ్డుకీ రాలేదు.

'ఇందాక' అంటే ఎంతసేపు? నాంచారమ్మ చెవిలో ఆ మాట చీలలా దిగిపోయింది. మంచినీళ్ళు ముంచుకున్నంతసేపా? బియ్యం కడిగినంతసేపా? బోటు ఇంకాస్త వేగంగా పోయి ఉంటే, ఆ ఇందాకకంటే ముందు చేరి ఉంటే! రాత్రి పక్కమీద, పగలు రేవులో, ఆమె ఎన్నిసార్లు ఆ దారంతా వెళ్ళి ఉంటుందో లెక్కలేదు. వెళ్ళినప్పుడల్లా కొంచెం ఆలస్యంగానే చేరేది.

అందుకే ఈ షాఫ్టు. ఇకమీదట ఎవరి నావ తిరగబడినా, ఎవరి ఫోను వచ్చినా, తన బోటు అందరికంటే ముందు చేరాలి. ఇంకే ఆడదీ ఇందాక అన్న మాట వినకూడదు.

ఈ సంగతి ఆమె ఉస్తాదుకి చెప్పలేదు. ఆయన అడగనూ లేదు.

పని మొదలుపెట్టింది. పొడుగు బుడిపెలు వాల్వుని మామూలు కంటే లోతుకి దించుతాయి; పిస్టను పైకొచ్చే వేళకి రెండూ ఢీకొంటే ఇంజను పని అంతే. అందుకని పిస్టను నెత్తిన మెత్తటి సబ్బుముక్క అంటించి, పైన మూత బిగించి, చేత్తో నిదానంగా ఇంజనుని తిప్పింది. విప్పి చూస్తే సబ్బు మీద వాల్వు అంచు ముద్ర పడింది. ముద్ర అడుగున సబ్బు ఇంకా మిగిలే ఉంది. తగలదు.

ఉస్తాదు వచ్చి ఆ ముద్ర మీద బొటనవేలు ఆనించి చూశాడు.

"మంచి చెయ్యి," అన్నాడు.

రెండేళ్ళలో ఆయన నోటివెంట వచ్చిన మొదటి మెప్పు. ఆ పూట నాంచారమ్మకి అన్నం సహించలేదు, సంతోషం పట్టలేక.

ఇంజను బిగింపు పూర్తయింది. షెడ్డులోనే దిమ్మ మీద కూర్చోబెట్టి స్టార్టు చేసింది. గొట్టంలోంచి తెల్లపొగ గుప్పున వచ్చింది. స్లోలో పెడితే, అంటే యాక్సిలేటరు లాగకుండా వదిలేస్తే, కుంటిమేక నడిచినట్టు తిరుగుతోంది. రెండు దెబ్బలు సరిగ్గా, ఒకటి తడబడుతూ, మళ్ళీ ఒకటి అసలే లేకుండా. ఆగిపోతుందా అనిపించేలా ఒళ్ళంతా కుదిపి, మళ్ళీ అందుకుంటోంది.

చుట్టూ మూగినవాళ్ళలో ఒకడు, "ఏంటక్కా, దగ్గుమందు పోయించాలా?" అన్నాడు.

"నీ నోట్లో పోస్తా, ఉండు."

స్క్రూడ్రైవరు తీసుకుంది. ఆ కనీస వేగాన్ని పెంచే స్లో స్క్రూ కొంచెం ఎత్తింది. ఇంకొంచెం. తడబాటు పోయింది. ఇంజను గొంతు గుండ్రంగా, నిండుగా పలికింది. నాంచారమ్మ ఓరకంట ఉస్తాదు వైపు చూసింది. ఆయన లుంగీ అంచుతో కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. చూశాడో లేదో తెలియలేదు.

ఇక యాక్సిలేటరు లాగింది. రేకుల కప్పు దడదడలాడింది. కాలవ అవతలి గట్టు మీద కొంగలు లేచిపోయాయి. ఇందాక దగ్గుమందు అన్నవాడు రెండు చెవులూ మూసుకుని, "అమ్మ తల్లో, నేనేం అనలేదు!" అని అరిచాడు.

నిషేధం రేపో మాపో ఎత్తేస్తారనగా, ఇంజనుని బోటులోకి దించి ట్రయల్‌కి బయల్దేరారు. ఏడుకొండలు చుక్కాని దగ్గర, నాంచారమ్మ ఇంజను దగ్గర, ఉస్తాదు ముందుభాగాన తాళ్ళచుట్ట మీద. గట్టు మీద జనం. ఆడదాని చేతి ఇంజను ఎలా పోతుందో చూడాలని కొందరు, ఎలా ఆగిపోతుందో చూడాలని ఎక్కువమంది.

కాలవలో మెల్లగానే పోవాలి. కానీ బోటు మెల్లగా పోనంటోంది. ముందున్న పడవలవాళ్ళు "ఒరేయ్, ఒరేయ్!" అని గెడలు అడ్డం పెట్టారు. ఏడుకొండలు నవ్వుతూ తప్పించుకుంటూ మొగ దాకా తెచ్చాడు. అక్కడ ఏటి బురదనీళ్ళు సముద్రపు నీలంలో కలిసే గీత దాటగానే, "వదినా, వదలనా?" అని కేకేశాడు.

"వదులు!"

బోటు ముక్కు పైకి లేచింది. నీళ్ళు రెండుపక్కలా గోడల్లా చీలిపోయాయి. గట్టు, సరుగుడు తోటలు, లైటుహౌసు, అన్నీ ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు వెనక్కి పోయాయి. ఏడుకొండలు ఊళ వేశాడు. నాంచారమ్మ జుట్టు విడిపోయింది. నోట్లోకి ఉప్పునీళ్ళ తుంపర కొట్టింది. ఆమె నవ్వుతోంది. పాండు పోయాక ఆమె అలా నవ్వడం ఏడుకొండలు చూడలేదు.

అక్కడే. ఇంకొంచెం ముందుకి పోతే అక్కడే. ఇంత వేగంగా వస్తే అప్పటికింకా పొద్దు ఉండేది. అప్పటికింకా అతను పలుకుతూ ఉండేవాడు. ఆమె కళ్ళు ఎదుటి నీళ్ళని వెతుకుతున్నాయి, ఇప్పుడే అక్కడ ఎవరో చెయ్యెత్తుతారన్నట్టు.

తాళ్ళచుట్ట మీద ఉస్తాదు లేచి నిలబడ్డాడు. నెత్తి మీది తెల్లటోపీ తీశాడు. ఒకసారి దాని దుమ్ము దులిపాడు. సముద్రంలోకి విసిరేశాడు.

"అయ్యో, ఉస్తాదూ!" ఏడుకొండలు గగ్గోలు పెట్టాడు.

ఉస్తాదు నాంచారమ్మ వైపు తిరిగి, "తెచ్చిపెట్టు బేటీ," అన్నాడు.

అదెంత పని! ఏడుకొండలు పెద్ద చుట్టు తిప్పి బోటుని వెనక్కి తెచ్చాడు. అదిగో టోపీ, అల మీద తెల్లగా ఎక్కుతోంది, దిగుతోంది. నాంచారమ్మ యాక్సిలేటరు పూర్తిగా కిందికి దించింది. అయినా బోటు ఆగలేదు. ఎత్తిపెట్టిన స్లో కదా, గేరులో ఉన్నంతసేపూ నీళ్ళ అడుగున పంకా తిరుగుతూ బోటుని తోస్తూనే ఉంది. కొక్కెం కర్ర పట్టుకుని ఏడుకొండలు వంగేలోపే బోటు టోపీని దాటిపోయింది. బోటు లేపిన అల టోపీని ఇంకో పక్కకి నెట్టేసింది.

"మళ్ళీ!"

ఈసారి గేరు తీసేసి, ఊరికే తేలుతూ దగ్గరికి పోదామనుకుంది. పంకా తిరగని బోటు చుక్కాని మాట వినదు. గాలి ముక్కుని పట్టుకుని అవతలికి తిప్పేసింది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో కనపడ్డ టోపీ, చూస్తుండగానే బారెడయింది, రెండు బారలయింది.

"వదినా, స్లో తగ్గించు! ఇంత వేగమైతే ఎలా అందుద్ది?"

నాంచారమ్మ స్క్రూడ్రైవరు అందుకుని కిందికి దూకింది. స్క్రూ దించింది. ఇంజను తడబడింది. ఇంకొంచెం దించింది. "గేరెయ్!" అంది. గేరు పడగానే ఇంజను ఒక్కసారి ఒళ్ళు విదిల్చి ఆగిపోయింది.

మళ్ళీ స్టార్టు చేసింది. తెల్లపొగ. అందుకుంది. గేరు. ఆగిపోయింది. మళ్ళీ. మళ్ళీ. నట్టు పట్టుకున్న వేలి మీద చర్మం లేచిపోయింది, ఆమెకి తెలియలేదు. "కనపడుతోందా? ఏడుకొండలూ, కనపడుతోందా?" అని లోపల్నించి అరుస్తోంది.

"అదిగో... ఆఁ, కాదు, నురుగు."

"సరిగ్గా చూడు!"

"చూస్తూనే ఉన్నా వదినా. ఇందాకటిదాకా ఇక్కడే ఉంది."

నాంచారమ్మ చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఆగింది.

ఏడుకొండలు ఆ మాట ఊరికే అన్నాడు. నోరు తెరిచాక గానీ అతనికీ తెలియలేదు. కొక్కెం కర్ర నెమ్మదిగా కిందికి దించి, ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

ఆమె పైకి వచ్చింది. నాలుగు వైపులా నీళ్ళు. ఎండ ఇంకా బాగానే ఉంది. చీకటి లేదు, తుఫాను లేదు. అందరికంటే ముందు చేరిన బోటు అది. చేరాల్సిన చోటికే చేరింది.

ఉస్తాదు బట్టతల మీద తువ్వాలు చుట్టుకుంటున్నాడు.

"పోదామా?" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు స్లో మళ్ళీ ఎత్తి పెడితే గానీ బోటు నడవలేదు. గట్టుకి చేరేటప్పుడు ఆగమంటే ఆగక, పోయి పాతటైర్లకి ధడాలున గుద్దుకుంది. గట్టు మీద ఎవడో, "గుర్రాన్ని కట్టారు గానీ కళ్ళెం మరిచిపోయినట్టున్నారే!" అన్నాడు. మామూలు రోజైతే ఆ మనిషికి ఏడుతరాలు గుర్తొచ్చేవి. నాంచారమ్మ వాడివైపు చూడను కూడా చూడలేదు.

మర్నాడు ఉస్తాదు బోటు దగ్గరికి వచ్చేసరికి ఆమె అప్పటికే నూనె దించి, ముందు మూత విప్పి, పొడుగు షాఫ్టుని బయటికి లాగుతోంది. బుడిపెలు దేనికీ గీసుకోకుండా, అంగుళం అంగుళం తిప్పుతూ. ఎవరిమీద కోపం ఎలా ఉన్నా, సామాను మీద చూపించకూడదని ఆయన దగ్గరే నేర్చుకుంది.

షాఫ్టుని గోనెసంచి మీద పడుకోబెట్టి, ఒక్కసారిగా తిరిగింది.

"ఒకమాట ఉస్తాదూ. మీ టోపీ పోయింది, నేను ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా. కానీ న్యాయం చెప్పండి. ముందు చేరితేనే కదా, మెల్లగా పోవడమో ఆగడమో? చేరనివాడికి స్లో ఎందుకు? ఆ రోజు ఇంకా ముందు చేరి ఉంటే..."

రెండేళ్ళలో ఆయన ముందు ఆమె 'ఆ రోజు' అనడం అదే మొదలు.

ఉస్తాదు ఇంజను పక్కన గొంతుక్కూర్చుని, పొట్టి బుడిపెల షాఫ్టు అందుకుని, దాని మీద వేలితో నూనె రాశాడు. ఒక్కో బుడిపెకీ, ఒక్కో బుడిపెకీ. రాయడం అయ్యాక రెండు చేతులా ఆమెకి అందించాడు.

"ఆ రోజు చేరినవాళ్ళు చాలామంది, బేటీ. చెవి పెట్టినవాళ్ళే లేరు," అన్నాడు.

నాంచారమ్మ షాఫ్టు అందుకుంది. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కంట్లోంచి రాలింది నూనె మీద పడి నిలవలేదు, జారిపోయింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, ఇంజనులోకి వంగింది.

పొట్టి షాఫ్టు బిగింపు అయ్యాక మళ్ళీ బయల్దేరారు. ఈసారి గట్టు మీద జనం లేరు. చూసిన వింత రెండోసారి ఎవరు చూస్తారు? మొగ దాటాక ఏడుకొండలు వేగం పెంచి చూశాడు. "పాత వేగమే వదినా. పడమటి రేవువాళ్ళ బోటుని మనం అందుకోలేం," అన్నాడు కొంచెం దిగులుగా.

"సరే. ఇక మెల్లగా పోనీ."

యాక్సిలేటరు దించింది. స్క్రూ పట్టుకుని స్లో తగ్గించింది. ఇంకా తగ్గించింది. ఇంజను ఆగలేదు. ఒక దెబ్బ, కాస్త విరామం, ఇంకో దెబ్బ. ముసలివాడు మెట్లెక్కినట్టు తాపీగా, ఒక్కటీ తప్పకుండా. పంకా నీళ్ళని తోసీ తోయనట్టు తోస్తోంది. ఎదురొచ్చే పోటులో బోటు ముందుకీ పోలేదు, వెనక్కీ పోలేదు. ఉన్నచోటే నిలబడింది.

బోటు చెక్కకి నీళ్ళు తగిలే చప్పుడు పైకి వచ్చింది. ఎక్కడో చాలాదూరాన తెడ్డు వేసుకుంటూ పోయే ఇద్దరు మనుషులు కూర గురించి తగువులాడుకుంటున్నారు. వాళ్ళు కనపడటం లేదు, మాటలు మాత్రం వినపడుతున్నాయి. "ఉప్పు నువ్వెయ్యలా?" "నువ్వెయ్యలా?"

నాంచారమ్మ ఇంజను దగ్గర్నించి లేచి, బోటు ముక్కు దాకా నడిచింది. అంచు పట్టుకుని నిలబడింది. తూర్పు వైపు, పాండు చివరిసారి పలికిన చోటు వైపు, తల కొంచెం ఒకపక్కకి వంచింది.

ఏడుకొండలు చుక్కాని పట్టుకుని ఎదురుచూశాడు. ఆమె కదలలేదు. అతను ఉస్తాదు వైపు చూసి, ఇక తిప్పేయనా అన్నట్టు సైగ చేశాడు.

ఉస్తాదు ఆమె వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"ఏమైనా వినపడుతోందా?" అని మెల్లగా అడిగాడు.

"ఇంకా లేదు," అంది నాంచారమ్మ.

ఉస్తాదు ఏడుకొండలు వైపు తిరిగాడు.

"తిప్పకు," అన్నాడు. "కాసేపు ఇలాగే ఉండనీ."